ముసుగు ఎవరిది? మూట ఎవరిది?

బ్లాక్‌చెయిన్ ఆటల వ్యాపారం గురించి ఉత్సాహంగా మాట్లాడేవాళ్ళు స్త్రీల ప్రసక్తి వచ్చేసరికి ఒక మాట తప్పకుండా అంటారు. ఇక్కడ మీరెవరో ఎవరికీ తెలియక్కర్లేదు, ఊరు అడగరు, కులం అడగరు, ఆడో మగో అడగరు, ఒక మారుపేరు పెట్టుకుని ఒక బొమ్మ తగిలించుకుంటే చాలు, మీ పనే మీ గుర్తింపు అని. వినడానికి ఎంత బాగుంది! తరతరాలుగా ఫలానా ఆయన కూతురుగా, ఫలానా ఆయన భార్యగా తప్ప గుర్తింపు లేని మనకి ఇంతకన్నా కావలసింది ఏముంది? ఈ మాటని నేను నమ్మను. దీనికి ఎదురుగా ఇంకో పక్షం ఉంది. తప్పు చెయ్యనివాళ్ళు పేరు ఎందుకు దాచుకోవాలి, ఇంటర్నెట్‌లో ప్రతి ఒక్కరూ సొంత పేరుతో, గుర్తింపు కార్డుతో మాత్రమే మాట్లాడాలి అంటారు వీళ్ళు. ఈ పక్షాన్ని అంతకన్నా తక్కువ నమ్ముతాను. మారుపేరు మంచిదా చెడ్డదా అని ఇద్దరూ కొట్టుకుంటున్నారు. ఆ ముసుగు వెనక ఉన్న మనిషి చేతిలో ఎవరి డబ్బు ఉంది అన్న ప్రశ్న ఇద్దరూ అడగరు. స్త్రీలుగా మనం అడగవలసింది ఆ ప్రశ్నే.

కొత్తకోట పాత మహబూబ్‌నగర్ జిల్లాలో చిన్న పట్టణం. 2016లో జిల్లాలు విడగొట్టాక వనపర్తి జిల్లాలోకి వెళ్ళింది. హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా బెంగుళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. అక్కడి నుంచి వచ్చి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక అమ్మాయి నాకు తెలుసు. పగలు కంపెనీ పని. రాత్రుళ్ళు, తను ఎప్పుడూ చూడని ఒక విదేశీ బృందానికి బ్లాక్‌చెయిన్ ఆటల కోడ్ రాస్తుంది. ఆ బృందంలో ఆమెకున్నది మగపేరు. ఎందుకలా అని అడిగితే, "ఆడపిల్లనని తెలిస్తే నా పని సూడరక్కా, నా ఫోటో అడుగుతరు" అంది. తను సొంతంగా ఒక ఆట తయారుచేసి వ్యాపారం పెట్టాలని ఆమె కోరిక. చిక్కు అక్కడే వచ్చింది. మారుపేరుతో పని దొరుకుతుంది కానీ మారుపేరుతో బ్యాంకు ఖాతా తెరవలేం, కంపెనీ పెట్టలేం, అప్పు పుట్టించలేం. పోనీ అసలు పేరుతో వద్దామంటే ఇన్నాళ్ళ పనికి ఆమె దగ్గర ఆధారం ఏముంది? రాత్రుళ్ళు నిద్రకాచి సంపాదించిన మంచిపేరంతా లేని ఒక మగవాడి ఖాతాలో జమ అయింది.

ఈ రంగం తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. బ్లాక్‌చెయిన్ అంటే ఒక జమాఖర్చుల పుస్తకం. దాని నకళ్ళు వేలాది కంప్యూటర్లలో ఒకేసారి ఉంటాయి కాబట్టి ఒకసారి ఎక్కిన పద్దుని తర్వాత ఎవరో ఒకరు కొట్టేసి మార్చడం దాదాపు అసాధ్యం. ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి ఎంత వెళ్ళిందో ఎవరైనా చూడొచ్చు. ఖాతాదారు పేరు మాత్రం ఉండదు. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి గుర్తు ఒకటి ఉంటుంది, అంతే. పుస్తకం అందరికీ కనిపిస్తుంది, మనిషి ఎవరికీ కనిపించడు. ఈ పుస్తకం మీద కట్టిన ఆటల్లో గెలుచుకున్న నాణేలూ వస్తువులూ ఆటగాళ్ళ సొంత ఆస్తి అనీ, వాటిని బయట బజారులో అమ్ముకోవచ్చనీ చెప్తారు. ఆడుతూ సంపాదించు అన్నది వీటి నినాదం.

ఆ నినాదం ఆచరణలో ఏమయిందో చూద్దాం. వియత్నాంకి చెందిన స్కై మావిస్ సంస్థ 2018లో యాక్సీ ఇన్ఫినిటీ అనే ఆట తెచ్చింది. అప్పట్లో ఆట మొదలుపెట్టాలంటే ముందు మూడు బొమ్మ జంతువుల్ని కొనుక్కోవలసి వచ్చేది. 2021లో ఆట ఊపందుకున్నప్పుడు వాటి ఖరీదు వందల డాలర్లకి చేరింది. కరోనా వల్ల పనులు పోగొట్టుకున్న ఫిలిప్పీన్స్ పేదల దగ్గర అంత డబ్బు ఎక్కడిది? అందుకని డబ్బున్నవాళ్ళు జంతువుల్ని కొని, లేనివాళ్ళకి ఆడడానికి ఇచ్చి, వచ్చిన దాంట్లో వాటా తీసుకున్నారు. ఈ పద్ధతిలో పేరుపడ్డ ఈల్డ్ గిల్డ్ గేమ్స్ సంస్థ పంపకం ఇలా ఉండేది: ఆడినవాళ్ళకి 70 శాతం, వాళ్ళని చేర్చి అజమాయిషీ చేసే మేనేజరుకి 20 శాతం, సంస్థకి 10 శాతం. రోజంతా కూచుని ఆడే ఆ మనుషులకి పెట్టిన పేరు స్కాలర్లు. వాళ్ళకి జంతువుల్ని అద్దెకివ్వడం పేరు స్కాలర్‌షిప్.

పాలమూరులో పుట్టినవాళ్ళకి ఇది కొత్త కథ కాదు. గుంపు మేస్త్రీ వస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు, కుటుంబాల్ని లారీ ఎక్కించుకుని దూరదేశం తీసుకుపోతాడు. ఆనకట్టలో, కాలువలో, రోడ్లో కట్టిస్తాడు. వచ్చిన కూలిలో ముందు అడ్వాన్సు, తర్వాత మేస్త్రీ కమీషను, మిగిలింది కూలివాళ్ళకి. పెట్టుబడి లేని మనిషి శ్రమకి పెట్టుబడి ఉన్న మనిషి మధ్యవర్తి అయినప్పుడు జరిగేది ఎక్కడైనా ఇంతే. అయితే మన మేస్త్రీ కూలిని కూలి అనే అన్నాడు, చదువుల పేరు పెట్టలేదు. యాక్సీ ఆటలో సంపాదనగా ఇచ్చే నాణెం 2021 జూలైలో 30 సెంట్లు దాటింది. 2022 మధ్యకల్లా ఒక్క సెంటు కన్నా కిందికి పడిపోయింది. స్కాలర్ల సంపాదన ఆ నాణెంతోపాటే కరిగిపోయింది. కాబట్టి ఈ వ్యాపారంలో మారుపేర్లు మనుషులతో ఆగలేదని మొదట గుర్తుపెట్టుకోవాలి. కూలికి ఆట అని మారుపేరు. కూలివాళ్ళకి విద్యార్థులని మారుపేరు. వాటాకి సాయం అని మారుపేరు.

ఇక మనుషుల మారుపేర్ల సంగతి. ఈ విషయంలో మనకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. 1882లో వెలువడిన సీమంతనీ ఉపదేశ్ అనే హిందీ పుస్తకం రాసినామె పేరు ఈరోజుకీ లోకానికి తెలియదు. ఒక అజ్ఞాత హిందూ స్త్రీగానే ఆమె చరిత్రలో నిలిచింది. 1885లో బాల్యవివాహాల మీద, బలవంతపు వైధవ్యం మీద టైమ్స్ ఆఫ్ ఇండియాకి ఉత్తరాలు రాసిన రఖ్మాబాయి ఒక హిందూ మహిళ అని సంతకం పెట్టింది. చిన్నతనంలో చేసిన పెళ్ళిని ఒప్పుకోనన్నందుకు భర్త అప్పటికే ఆమె మీద కోర్టుకెక్కాడు. 1887లో కోర్టు ఆమెని కాపురానికి వెళ్ళమనీ లేకపోతే ఆరు నెలల జైలనీ తీర్పు చెప్పింది. ఆమె జైలుకే సిద్ధపడింది. పిరికితనంతో ముసుగు వేసుకుందని ఆమెని అనగలమా? ఆమె మాట దాచలేదు, వాదన దాచలేదు. తన మీదికి రాబోయే దెబ్బ నుంచి ఒంటిని మాత్రం కాస్త పక్కకి తప్పించుకుంది. మన దగ్గర సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రికలో తనే అనేక మారుపేర్లతో రాశాడు. ఆయనది గద్వాల ప్రాంతం, కొత్తకోటకి దగ్గరే. నిజాం రాజ్యంలో అది అవసరం. పోపూరి లలితకుమారి మనకి వోల్గాగానే దగ్గర. బలహీనులు బలవంతుల ముందు మాట్లాడడానికి మారుపేరు ఒక సాధనం. దాన్ని వదులుకోమని నేను చచ్చినా చెప్పను.

అయితే ఇదే సాధనాన్ని తిరగేసి వాడినవాళ్ళు కూడా మనకి తెలుసు. రచయిత్రుల నవలలకి, స్త్రీల శీర్షికలకి వారపత్రికల్లో గిరాకీ ఉన్న రోజుల్లో ఆడపేర్లతో రాసిన మగవాళ్ళు తక్కువేం కాదు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో ఇల్లాలి ముచ్చట్లు చెప్పిన పురాణం సీత అసలు పేరు పురాణం సుబ్రహ్మణ్య శర్మ. ఆ రచనల బాగోగులు ఇక్కడ విషయం కాదు. విషయం ఏమిటంటే, ఆడది తన పేరు దాచుకునేది ప్రమాదం తప్పించుకోవడానికి. మగవాడు ఆడపేరు తగిలించుకునేది ఆ పేరుకి బజారులో ధర పలికినప్పుడు. ఒకటి రక్షణ, ఇంకొకటి ఆదాయం.

సరిగ్గా ఇదే కథ బ్లాక్‌చెయిన్ బజారులో 2021లో జరిగింది. ఫేమ్ లేడీ స్క్వాడ్ అనే పేరుతో 8,888 స్త్రీల బొమ్మలు అమ్మకానికి వచ్చాయి. ఇవి ఆటలు కావు, కొనుక్కుని దాచుకునే డిజిటల్ బొమ్మలు. ముగ్గురు స్త్రీలు కలిసి స్త్రీల కోసం చేసిన తొలి ప్రయత్నమని ప్రచారం చేశారు. ఈ మగ ప్రపంచంలో మనకంటూ ఒక చోటు దొరికిందని ఎందరో స్త్రీలు డబ్బు పెట్టి కొన్నారు. ఆగస్టు వచ్చేసరికి ఆ ముగ్గురు స్త్రీలు నిజానికి మగవాళ్ళని బయటపడింది. గొడవ పెద్దదయ్యాక, కొన్న స్త్రీలే దాని నిర్వహణని తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఇక్కడ ఆడా మగా ఎవరూ అడగరని చెప్పినవాళ్ళని నేను అడుగుతున్నాను: ఎవరూ అడగని చోట ఆ ముగ్గురు మగవాళ్ళకి ఆడపేర్లతో పనేమొచ్చింది? అక్కడ కూడా లింగానికి లెక్క ఉందని, ఆ లెక్కలో స్త్రీల నమ్మకాన్ని డబ్బుగా మార్చుకోవచ్చని వాళ్ళకి బాగా తెలుసు కాబట్టే.

మన భాష కూడా ఈ సంగతి చెప్తుంది. తెలుగులో వచ్చాను, రాశాను అన్నప్పుడు చెప్పేది ఆడో మగో తెలియదు. హిందీలో అలా కాదు, నోరు తెరిస్తే తెలిసిపోతుంది. అంటే తన గురించి తను చెప్పుకున్నంతసేపూ తెలుగు స్త్రీకి మారుపేరు నిజంగా ముసుగే. కానీ ఆమె గురించి ఇంకొకరు మాట్లాడాలంటే రాశాడు అనాలి, లేదా రాసింది అనాలి. తటస్థంగా ఏకవచనంలో అనడానికి వీల్లేదు. తెలియనప్పుడు అందరూ ఎన్నుకునేది రాశాడు అన్న మాటే. స్త్రీకి, పశువుకి, వస్తువుకి ఒకే క్రియ పెట్టి మగవాడికి మాత్రం వేరే క్రియ పెట్టిన వ్యాకరణం మనది. మహత్తులు మగవాళ్ళే. ఎవరో తెలియని మనిషిని మనం ఎప్పుడూ మగవాడిగానే ఊహించుకుంటాం కాబట్టి, లింగం లేని చోటు అని చెప్పేదల్లా ఆచరణలో మగచోటు. కొత్తకోట అమ్మాయి కోడ్‌ని ఆ బృందం మెచ్చుకున్న ప్రతిసారీ, ఆడవాళ్ళు ఇటువంటి పనులు చెయ్యలేరన్న వాళ్ళ నమ్మకం ఇంకాస్త గట్టిపడింది. అది ఆమె తప్పు కాదు. కానీ దీన్ని విముక్తి అని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోలేను.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన స్క్విడ్ గేమ్ సీరియల్ పేరు వాడుకుని, దానితో ఏ సంబంధమూ లేనివాళ్ళు ఒక ఆట రాబోతోందని టోకెన్లు అమ్మారు. కొన్నవాళ్ళు తిరిగి అమ్ముకోవడానికి వీల్లేకుండా ఏర్పాటు చేశారు. కొద్దిరోజుల్లో దాని ధర 2,800 డాలర్లు దాటింది. నవంబరు 1న నిర్వాహకులు 30 లక్షల డాలర్లకి పైగా మూటగట్టుకుని మాయమయ్యారు. ధర నిమిషాల్లో సున్నాకి పడింది. ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలి? పద్దుల పుస్తకంలో ప్రతి పైసా కనిపిస్తూనే ఉంది. పట్టుకోవడానికి మనిషే లేడు.

దీని పక్కన యాక్సీ సంగతి పెట్టి చూడండి. 2022 మార్చిలో ఆ ఆటకి చెందిన రోనిన్ వ్యవస్థ నుంచి 60 కోట్ల డాలర్లకి పైగా దొంగతనం జరిగింది. తొమ్మిది తాళాల్లో ఐదు దొంగల చేతికి చిక్కాయి. ఆరు రోజుల దాకా సంస్థకే తెలియలేదు. ఉత్తర కొరియాకి చెందిన ముఠా పని అని ఏప్రిల్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రకటించింది. ఆ సంస్థ వ్యాపార పద్ధతుల గురించి పైన చెప్పినదంతా అలాగే ఉంచి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. వాళ్ళకి పేర్లున్నాయి, ముఖాలున్నాయి, కార్యాలయం ఉంది. కొత్తగా పెట్టుబడి తెచ్చి ఆటగాళ్ళకి డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటు చెయ్యక తప్పలేదు. పేరున్నవాడు మంచివాడని నేను అనడం లేదు. పేరున్నవాడి గుమ్మం ముందు కూచుని నిలదీయొచ్చు అంటున్నాను.

బోర్డ్ ఏప్ యాట్ క్లబ్ అనే కోతి బొమ్మల వ్యాపారం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆ కంపెనీ తర్వాత ఆటల్లోకి కూడా దిగింది. 2021 ఏప్రిల్‌లో మారుపేర్లతో మొదలుపెట్టి కోట్ల డాలర్లు గడించిన దాని స్థాపకుల్లో ఇద్దరి అసలు పేర్లని 2022 ఫిబ్రవరిలో బజ్‌ఫీడ్ పత్రిక బయటపెట్టింది. ఆ వార్త రాసింది కేటీ నోటోపౌలస్ అనే విలేఖరి. పబ్లిక్ రికార్డుల్లో ఉన్న కాగితాలు చూసి రాసింది. ఏకాంతాన్ని భంగపరిచిందంటూ ఆమె మీద విరుచుకుపడ్డారు. ఒకసారి ఆలోచించండి. సొంత పేరుతో నిలబడి రాసిన స్త్రీని, మారుపేర్ల వెనక నిలబడ్డ గుంపు తిట్టింది. అదీ ఏకాంతం పేరుతో! భర్త కొడుతున్నాడని పోలీస్ స్టేషనుకి వెళ్ళిన స్త్రీకి ఇది మీ ఇంటి గుట్టు అని చెప్పిన నోరూ ఈ నోరూ ఒకటే. బలవంతుడి గుట్టుకి ఇచ్చే గౌరవం బలహీనురాలి ప్రాణానికి ఇవ్వరు.

ఇదంతా ఎక్కడో విదేశీ గొడవ, మన ఆడవాళ్ళకేం సంబంధం అనుకునేవాళ్ళు 2020 డిసెంబరుని గుర్తుచేసుకోవాలి. ఫోన్లో క్షణాల్లో అప్పులిచ్చే యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు, రిజర్వు బ్యాంకు హెచ్చరిక జారీ చేసింది. అప్పు తీసుకున్న స్త్రీ ఆధార్ వాళ్ళ దగ్గర ఉంది, పాన్ కార్డు ఉంది, ఫోటో ఉంది, ఫోన్లోని బంధువులందరి నంబర్లూ ఉన్నాయి. అప్పిచ్చినవాడి గురించి ఆమెకి తెలిసింది ఒక యాప్ పేరు, ఫోన్ చేసి బూతులు తిట్టేవాడి దొంగపేరు. ఆమె ఫోటోని మార్చి చుట్టాలందరికీ పంపారు. స్వయం సహాయక సంఘాల అప్పులనుంచి ఈ యాప్‌ల దాకా ఎక్కడ చూసినా పేదరాలు వేలిముద్ర వెయ్యకుండా పది రూపాయలు పుట్టవు. ముసుగు ఆమెకి అక్కర్లేదని, అప్పిచ్చేవాడికే కావాలని తీర్మానించిందెవరు? టోకెన్ల ఆటల్లో కూడా ఏర్పాటు ఇదే. సంపాదించిన నాణేన్ని రూపాయల్లోకి మార్చుకోవాలంటే ఆటగత్తె తన గుర్తింపు పత్రాలన్నీ ఇచ్చుకోవాలి. 2022 బడ్జెట్ ప్రకారం లాభం మీద 30 శాతం పన్ను కట్టాలి. ఆట పెట్టినవాడు మాత్రం ఒక కప్ప బొమ్మ వెనకో కోతి బొమ్మ వెనకో కూచోవచ్చు.

అయితే అందరికీ అసలు పేర్లు తప్పనిసరి చేస్తే సరిపోతుంది కదా అని రెండో పక్షం వెంటనే అందుకుంటుంది. వాళ్ళకి బలమైన ఉదాహరణ కూడా ఉంది. 2021 జూలైలో సుల్లీ డీల్స్, 2022 జనవరి 1న బుల్లీ బాయి. మాట్లాడే ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి వేలం వేస్తున్నట్టు తయారుచేసిన ఆ యాప్‌ల వెనక ఉన్నవాళ్ళందరివీ మారుపేర్లే. ఆ ఉదాహరణనే జాగ్రత్తగా చూడమంటాను. ఆ స్త్రీలు వేటకి దొరికింది సొంత పేర్లతో, సొంత ముఖాలతో బయటికి వచ్చి మాట్లాడినందుకు. రేపు అందరికీ అసలు పేరు తప్పనిసరి చేస్తే దొంగలు దొంగ కాగితాలు పుట్టిస్తారు, దొరికిపోయేది వాళ్ళలాంటి స్త్రీలే. ఆటల రంగంలోనే 2014లో గేమర్‌గేట్ పేరుతో జరిగింది చూశాం. ఆటలు తయారుచేసినందుకు జోయీ క్విన్, బ్రియానా వూ, ఆటల్లో స్త్రీల చిత్రణని విమర్శించినందుకు అనితా సార్కీసియన్ చంపుతామన్న బెదిరింపులు ఎదుర్కొన్నారు. ఆ అక్టోబరులో అమెరికాలోని యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో అనిత ప్రసంగం కాల్పుల బెదిరింపు వల్ల రద్దయింది. ఈ ముగ్గురివీ అందరికీ తెలిసిన పేర్లే. పారదర్శకత వాళ్ళకి ఇచ్చిన బహుమతి అది.

కాబట్టి నేను గీసే గీత ఇది. మాట్లాడేవాళ్ళకి, రాసేవాళ్ళకి, ఆడేవాళ్ళకి, కోడ్ రాసి కూలి తీసుకునేవాళ్ళకి మారుపేరు హక్కు. ఇతరుల డబ్బు చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి ఆ హక్కు లేదు. రఖ్మాబాయి ఉత్తరం చదివినవాళ్ళ జేబులోంచి పైసా పోలేదు. టోకెన్ అమ్మేవాడు మూట పట్టుకుని ఉన్నాడు. మూట పట్టుకున్నవాడికి ముసుగు కుదరదు.

మరి కొత్తకోట అమ్మాయి కంపెనీ పెడితే ఆమె మూట పట్టుకోదా? పట్టుకుంటుంది. గీత ఆమెకీ వర్తిస్తుంది. కానీ ఎవరికి తెలియాలి అన్నది కూడా గీతలో భాగమే. ఈరోజు కంపెనీ రిజిస్టరు చేస్తే డైరెక్టర్ల పేర్లు, నమోదైన చిరునామా ఎవరైనా చూసుకోవచ్చు. ఒక గది అద్దెకి తీసుకునే స్తోమత లేక ఇంటి చిరునామానే ఇచ్చిన స్త్రీ గుమ్మం ముందుకి ఎవడైనా రావచ్చు. జవాబుదారీతనానికి ఇది అవసరమా? మన సాహిత్య పత్రికలు ఈ చిక్కుని ఎప్పుడో తేల్చుకున్నాయి. కలం పేరుతో రాసినా రచనతోపాటు అసలు పేరు, చిరునామా, సొంత రచనే అన్న హామీపత్రం పంపమంటాయి. సంపాదకురాలికి అన్నీ తెలుసు. పాఠకులకి కలం పేరు చాలు. రచన దొంగిలించిందని తేలితే బాధ్యత పడుతుంది, తేలనంతకాలం ఆమె గుట్టు ఆమెదే. 1957 కాపీరైట్ చట్టం కూడా మారుపేరుతో అచ్చయిన రచనకి ప్రచురణ తర్వాత 60 ఏళ్ళ రక్షణ ఇస్తుంది. కవిత్వానికి కుదిరిన ఏర్పాటు కంపెనీకి ఎందుకు కుదరదు? రిజిస్ట్రారుకి తెలియాలి, రచ్చబండకి తెలియక్కర్లేదు. మోసం జరిగిందని ఫిర్యాదు వచ్చినప్పుడు న్యాయస్థానం ద్వారా పేరు బయటికి రావాలి, అల్లరిమూకల ద్వారా కాదు.

రాజ్యమే పితృస్వామికం కదా, దాని రిజిస్టరులో పేరు రాయించుకోమని ఒక స్త్రీవాది ఎలా చెప్తుందని స్నేహితురాళ్ళు అడుగుతారని తెలుసు. సరైన ప్రశ్నే. రాజ్యాన్ని ఎదిరించి రాసే స్త్రీ పేరు రాజ్యానికి అందకూడదు. అందుకే గీతని మాట దగ్గర కాకుండా డబ్బు దగ్గర గీశాను. కథ రాసినా కోడ్ రాసినా రిజిస్ట్రారుతో పనిలేదు. పదిమంది ఆడవాళ్ళ దగ్గర పొదుపు డబ్బు తీసుకుని వ్యాపారం చేస్తానన్న రోజున మాత్రం, ఆ పదిమందికీ ఆమె ఎవరో తెలుసుకునే హక్కు ఉంది. ఆ పదిమందీ మనవాళ్ళే అని మరిచిపోకూడదు.

ఇంకో మాట కూడా ఆ అమ్మాయికి చెప్పాను, ఇక్కడా చెప్తాను. తెలంగాణలో 2017 నుంచే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బుకి బదులు నాణేలు, టోకెన్లు పెట్టినా పందెం పందెమేనంది. ఆ చట్టం మంచిచెడ్డలు ఎలా ఉన్నా, అది వేలు పెట్టి చూపిన చోటు మాత్రం సరైనదే. ఆటకి టోకెన్ ఎందుకు? ఆట బాగుంటే ఆటనే అమ్మొచ్చు. ఆటగాళ్ళు కొత్తగా చేరుతున్నంతకాలమే విలువ నిలిచే నాణేన్ని సంపాదన అని చెప్పి అమ్మడం మాత్రం వ్యాపారం కాదు. ముందు వచ్చినవాడికి వెనక వచ్చినవాడి జేబులోంచి తీసి ఇవ్వడం అది. వెనక వచ్చేది ఎప్పుడూ చిన్న ఊళ్ళవాళ్ళు, ఆలస్యంగా ఫోన్ చేతికందినవాళ్ళు, అంటే ఎక్కువగా ఆడవాళ్ళు.

చివరిగా, పేరు దాచుకోవడానికి ముందు పేరంటూ ఒకటి ఉండాలి. కొత్తకోటలో మగ్గాలున్నాయి. నూలు చీరకి పట్టు అంచు అతికే పనితనం ఆ ప్రాంతమంతా ఉంది. కండెలు చుట్టేదీ, పడుగు అతికేదీ ఆడవాళ్ళు. నేసింది ఎవరంటే ఇంటాయన పేరు చెప్తారు. ఏ చీర అంటే ఊరి పేరు చెప్తారు. మధ్యలో ఆమె పేరు ఎక్కడా లేదు. వలసపోయిన ఆడకూలీ పాలమూరు లేబర్‌లో కలిసిపోయింది. పేరు లేకపోవడాన్ని చూసి చూసి ఉన్న మనకి, పేరు అక్కర్లేని లోకం వచ్చిందని చెప్తే పండగ చేసుకోవాలా? మారుపేరు మనం ఎన్నుకున్నప్పుడే ఆయుధం. అది లేకపోతే పని దొరకదన్నప్పుడు అది పాత పరదాకి కొత్త బట్ట.

అందుకని ఈ పత్రిక చదివే రచయిత్రులని, అధ్యాపకురాళ్ళని రెండు పనులు చెయ్యమని అడుగుతున్నాను. మారుపేరుతో రాసే, ఆడే, పనిచేసే ఏ స్త్రీ గుట్టునీ సరదాకైనా సరే బయటపెట్టకండి, ఎవరో తెలియని మనిషి గురించి మాట్లాడేటప్పుడు రాశాడు అని మీ నోటితో మీరే అనేయకండి. స్త్రీల విముక్తి పేరుతో, స్త్రీల సాధికారత పేరుతో మీ విద్యార్థినుల దగ్గరికి టోకెన్లు అమ్ముకోవడానికి ఎవరు వచ్చినా, ఆడపేరుతో వచ్చినా సరే, మొదట పేరు అడగండి. చిరునామా అడగండి. డబ్బు పోతే ఎవరి గుమ్మం ఎక్కాలో అడగండి. ఇవి చెప్పనివాళ్ళకి మీ కాలేజీ సెమినారు హాలు తలుపు తియ్యకండి.